క్రిస్మస్ బల్ల మీద నల్లిబొక్క

చదువు కోసం నేను ఒక సెమిస్టరు ఫ్రాన్స్ పోతున్నానని తెలిసిన వారంలోనే మా మందమర్రి కాలనీ గేటు దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. దాని మీద నా ఫొటో తపాలా బిళ్ళంత ఉంది. చుట్టూ చేతులు జోడించి నవ్వుతున్న పెద్దమనుషులు మాత్రం నిలువెత్తున ఉన్నారు. వాళ్ళలో ఫ్రాన్స్ పోయేది ఎవరో అర్థం కాక, గేటు పక్కన చాయ్ అమ్మే ఆయన అందరికీ వరసగా శుభాకాంక్షలు చెప్పాడట. వెనక ఈఫిల్ టవర్ బొమ్మ. బాపు మొదటి షిఫ్టు దిగి వస్తూ దాని ముందు బండి ఆపి చాలాసేపు చూశాడు.

"మన బాయి మీద చక్రాల టవరు లెక్కనే ఉన్నది గదా," అన్నాడు ఇంటికొచ్చి. "దీన్ని చూసుటానికి గంత దూరం పోవుడెందుకు?"

మా నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. బాపు బొగ్గు బావిలో పని చేస్తాడు. నేను కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదివేదాన్ని. మా కాలేజీకీ ఫ్రాన్స్‌లో ఒక కాలేజీకీ ఒప్పందం ఉండేది. మావాళ్ళు అక్కడికి, అక్కడివాళ్ళు ఇక్కడికి రావాలని దాంట్లో ఉందట. అక్కడివాళ్ళు కరీంనగర్ రావడం నేనైతే చూడలేదు. హాస్టలు ఉండదు, ఒక కుటుంబం ఇంట్లో ఉండాలి అన్నారు. ఫ్రెంచి ఫోన్లో నేర్చుకున్నాను. "ఆపిల్ పండు బల్ల మీద ఉన్నది" అని తడుముకోకుండా చెప్పగలిగేదాన్ని.

నేను దిగింది ఈఫిల్ టవర్‌కు చాలా దూరంగా, బెల్జియం సరిహద్దు దగ్గర ఒక చిన్న పట్నంలో. రైలు కిటికీలోంచి చూస్తే పొలాల మధ్య నల్లటి గుట్టలు కనిపించాయి. పాత బొగ్గు బావుల్లోంచి తవ్వి పోసిన రాళ్ళూ మట్టీ అవి. వాటి కింద ఎర్ర ఇటుకల క్వార్టర్లు, ఒకదానికొకటి ఆనుకుని, వరసగా. మందమర్రిలో రైలెక్కి మందమర్రిలోనే దిగినట్టయింది. కాకపోతే ఇక్కడి బావులు ఎప్పుడో మూతపడ్డాయి. గుట్టల మీద గడ్డి మొలిచింది. ఆదివారం పూట జనం రంగురంగుల బూట్లు తొడుక్కుని వాటిని ఎక్కుతారు. కొసన బల్ల వేసి, ఇక్కడి నుంచి చూస్తే బాగుంటుందని బోర్డు కూడా పెట్టారు. మా దగ్గర ఆ దుమ్మే పెరుగు గిన్నెలో పడుతుంది. అప్పుడు అవ్వ తిట్టే తిట్లు వినడానికి మాత్రం ఎవరూ బల్ల వేయలేదు.

నేనున్న ఇంట్లో ముగ్గురు. ఇంటావిడ చిన్న పిల్లల బడిలో పాటలు నేర్పేది. ఆమెను అక్కడి పద్ధతిలో పేరు పెట్టి పిలవమన్నారు. మా అవ్వ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నా నోరు రాలేదు, మదాం అన్నాను. ఆమె భర్త ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేసేవాడు. ఆయన సారు. సారు వాళ్ళ నాన్న ఎనభై దాటిన ముసలాయన. బొగ్గు బావిలో పని చేసి దిగిపోయిన, అంటే రిటైరైన మనిషి. ఆయన్ను తాత అన్నాను. అది నేను పెట్టిన ముద్దుపేరనుకుని ఆయన మురిసిపోయాడు. తాత బావి గురించి ఏదైనా మొదలుపెట్టగానే మిగతా ఇద్దరికీ వేరే గదిలో పని గుర్తొచ్చేది.

మొదటి రోజు భోజనంలో వాళ్ళ ప్రాంతపు గొప్ప వంటకం పెట్టారు. మాంసాన్ని సన్నగా తరిగి, గుండ్రంగా ఒత్తి, మీద పచ్చి గుడ్డు సొన పోసింది. పొయ్యి మొహం చూడని వంటకం. "ఇది పచ్చిది, నాకు అలవాటు లేదు" అని చెప్పాలి. ఫ్రెంచిలో పచ్చి అనే మాట నాకు ఇంకా రాలేదు. వచ్చినంత చెప్పాను.

"మాంసం వద్దు. క్షమించండి." దాంతో ఆగకుండా చేతులు కూడా జోడించాను.

మదాం కళ్ళు మెరిశాయి. "నాదే బుద్ధి తక్కువ! నువ్వు ఇండియా అమ్మాయివి కదా!" అని నా పళ్ళెం తీసేసి, తన రెండు చేతులూ గుండెల దగ్గర జోడించి, కళ్ళు మూసుకుని తల వంచింది. మదాం గురువారం గురువారం యోగా క్లాసుకు పోయేది. ఆ ఇంట్లో బుద్ధుడు స్నానాల గదిలో ఉండేవాడు. ఒక్కోసారి ఆయన భుజం మీద తడి తువ్వాలు ఆరుతుండేది.

ఆదివారం మాంసం లేకపోతే అది ఆదివారమే కాదనుకునే ఇల్లు మాది. అలా ఒక్క మాట రాకపోవడంతో నేను శాకాహారినైపోయాను.

తర్వాత పచ్చి అనే మాట నేర్చుకున్నాను. వంటింట్లోకి పోయి, అద్దం ముందు సాధన చేసిన వాక్యాన్ని అప్పజెప్పాను. "నేను పచ్చి మాంసం తినను."

"తెలుసు తల్లీ," అంది మదాం నా చెంప నిమిరి. "పచ్చిదీ వద్దు, ఉడికిందీ వద్దు. ఈ ఇంట్లో నీకు ఆ భయం అక్కర్లేదు."

అప్పటికే ఆమె యోగా క్లాసులో నా గురించి చెప్పేసింది. చీమకు కూడా హాని తలపెట్టని దేశం నుంచి వచ్చిన పిల్ల తన ఇంట్లో ఉందని. క్లాసులో ఆడవాళ్ళు వంటల పుస్తకాలు తెచ్చిచ్చారు. ఇంటిల్లిపాదీ నాతోపాటు మాంసం మానేయాలని మదాం నిర్ణయించింది. సారును ఎవరూ అడిగినట్టు లేదు. ఆ రోజు నుంచి పప్పే. మనం తినే పప్పు కాదు. పోపు లేదు, కారం లేదు, పులుపు లేదు. క్యారెట్టు ముక్కలతో ఉడికించి, 'కర్రీ' అని రాసున్న డబ్బాలోంచి పసుపు రంగు పొడి ఒక చిటికెడు. మదాం నా నోటివంకే చూస్తూ, "మీ ఇంట్లో లాగే ఉందా?" అని అడిగేది. నేను తలూపేదాన్ని. మన తల ఊపు అవునో కాదో ఫ్రెంచివాళ్ళకు తెలియదు. అది ఒక్కటే నాకు మిగిలిన నిజాయితీ.

ఇంటి నుంచి రోజూ ఫోన్ వచ్చేది.

"ఏం తిన్నవ్ బిడ్డా?"

"పప్పు."

"నిన్న గూడ గదే అంటివి."

"ఇయ్యాల గూడ గదే అవ్వా."

"గంత దూరం పోయి పప్పు తినుడేందే? పప్పు ఈడ లేదా?"

ఒక శనివారం మధ్యాహ్నం సైకిల్ కోసం గ్యారేజీలోకి పోయాను. కారుకూ గోడకూ మధ్య సారు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో చాకు, ఇంకో చేతిలో జానెడు సాసేజి ముక్క. పెయింటు డబ్బా మీద తాత కూర్చుని నములుతున్నాడు. నన్ను చూసి సారు మొహం పాలిపోయింది. అహింసా దేవత ఎదురుగా దొరికిపోయాడు మరి. నా చూపు మాత్రం ఆయన మొహం మీద లేదు. తాత అది గమనించాడు. కొడుకు చేతిలోంచి చాకు తీసుకుని, ఒక ముక్క కోసి, చాకు మొన మీదే నాకు అందించాడు. అది ఏ జంతువని నేను అడగలేదు. వాళ్ళు చెప్పలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సారు వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. అప్పటి నుంచి శనివారం శనివారం నా సైకిల్‌కు ఏదో ఒక మరమ్మతు వచ్చేది.

డిసెంబరు వచ్చింది. పట్నమంతా దీపాలు వేలాడదీశారు. ఊరి నడిమధ్య మైదానంలో చెక్క దుకాణాలు పెట్టి క్రిస్మస్ సంత నడిపారు. పొగలు కక్కుతూ మాంసం కాల్చే దుకాణాలు అందులో ముందు వరసలో ఉండేవి. వాటి దగ్గరికి రాగానే మదాం తన మఫ్లరు తీసి నా ముక్కుకు అడ్డంపెట్టి, నన్ను గబగబా దాటించేది. "కొంచెం ఓర్చుకో," అనేది పాపం. నేను ఓర్చుకుంటూనే ఉన్నాను. సంత చివర చెక్క బొమ్మలూ కొవ్వొత్తులూ అమ్మే చోట ఆగి, ఇక గాలి పీల్చుకోవచ్చనేది.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం పెద్ద విందు. మదాం అక్కా, ఆమె భర్తా వచ్చారు. వాళ్ళ దగ్గర పండుగ భోజనమంటే మధ్యాహ్నం కూర్చుంటే చీకటి పడేదాకా లేవరు. ఒక్కొక్కటే వస్తుంది, దాని గురించి మాట్లాడుకుంటారు, అది పోయి ఇంకోటి వస్తుంది. ముందు ఆల్చిప్పలు వచ్చాయి, అవీ పచ్చివే. శాకాహారినైనందుకు మొదటిసారి సంతోషించాను. తర్వాత బాతు కాలేయం. మదాం అక్కకు మా దేశం గురించి చాలా తెలుసు, ఒక పుస్తకం చదివింది.

"మీ ఇళ్ళల్లో మగవాళ్ళు కూడా ధ్యానం చేస్తారట కదా?" అని అడిగింది.

"మా నాన్న చేస్తాడు," అన్నాను. "పని నుంచి వచ్చి, మంచం మీద పడుకుని, కళ్ళు మూసుకుని."

"ఎంతసేపు?"

"అమ్మ అన్నానికి లేపేదాకా."

ఆమె తన భర్త వైపు తిరిగి, చూశారా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

అప్పుడు వచ్చింది కోడి. మామూలు కోడి కాదు, పండుగ కోసం బాగా మేపిన పుంజు. చెస్ట్‌నట్ కాయలు కూరి, వెన్న పూసి, పొద్దున్నించీ పొయ్యిలో కాల్చింది. చర్మం ఎర్రగా పెళపెళలాడుతోంది. అతిథులు వస్తున్నారని దాన్ని వండడానికి మదాం ఒప్పుకుంది. అందుకు పొద్దున నన్ను పక్కకు పిలిచి క్షమాపణ కూడా అడిగింది. కోడి బల్లంతా తిరిగింది. నా దగ్గరికి వచ్చేసరికి నా తల మీదుగా దాటి తాత దగ్గరికి పోయింది. మదాం వంటింట్లోంచి నాకోసం వేరే పళ్ళెం తెచ్చింది. అందులో పప్పూ చెస్ట్‌నట్లూ కలిపి ఇటుకలాగా అచ్చు పోసిన ముద్ద, దాని మీద ఒక ఆకు.

"మన శాకాహారి క్రిస్మస్!" అని ప్రకటించింది. అందరూ చప్పట్లు కొట్టారు. సారు మాత్రం పళ్ళెంలోకి చూస్తూ కొట్టాడు.

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. వీడియో కాల్. మా దగ్గర అప్పటికి పొద్దు గూకింది. పండుగ పూట ఫోన్ చేస్తానని అవ్వ ముందే చెప్పింది గాని, నేను పక్కకు పోయి మాట్లాడదామనుకున్నాను. మదాం వదల్లేదు. ఫోన్ లాక్కుని వైన్ సీసాకు ఆనించి బల్ల మధ్యన నిలబెట్టింది. తెర మీద అవ్వ, పెళ్ళిళ్ళకు కట్టే చీరలో. వెనక పక్క క్వార్టరు వదిన, ఎదురు క్వార్టరు పెద్దమ్మ, తలుపు సందులోంచి ఇంకెవరివో ముఖాలు.

మదాం లేచి నిలబడి చేతులు జోడించింది. ఒక ప్రసంగమే చేసింది. ఇంత శాంతమైన బిడ్డను కన్నందుకు ఆ తల్లికి కృతజ్ఞతలు. ఈ పిల్ల వల్ల మా ఇల్లు ఏ ప్రాణి రక్తం అంటకుండా బతకడం నేర్చుకుంది. తరతరాల మీ జ్ఞానానికి మా కుటుంబం రుణపడి ఉంటుంది.

"ఏమంటుందే?" అంది అవ్వ.

"నన్ను మంచిగ పెంచినవంట."

"గంతసేపు చెప్తే గింతనేనా?"

"వాళ్ళ భాష గట్లనే ఉంటదవ్వా. సాగుతది."

"నీకు అన్నిటికంటే ఇష్టమైన వంటకం ఏమిటో మీ అమ్మను అడుగు," అంది మదాం. "కొత్త సంవత్సరానికి చేస్తాను."

నాకేం ఇష్టమో అడుగుతోందని అవ్వకు చెప్పాను. అవ్వ మొహం వెలిగిపోయింది. "నల్లిబొక్కలంటే నా బిడ్డ పానం ఇడుస్తదని చెప్పు. చిన్నప్పుడు బొక్క గుంజుకుంటే ఇల్లు కూలగొట్టేది, గది గూడ చెప్పు."

"పప్పు," అన్నాను ఫ్రెంచిలో.

మదాం తృప్తిగా తలాడించింది. అవ్వకు మాత్రం తృప్తి కలగలేదు. తన మాట వాళ్ళకు అందిందో లేదోనని ఫోన్ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. తెర మీద మా పొయ్యి, దాని మీద మూకుడు, మూకుట్లో కుతకుతమంటున్న మాంసం. అక్కడి నుంచి ఫోన్ బాపు వైపు తిరిగింది. బాపు నేల మీద కూర్చుని, తనను ఎవరు చూస్తున్నారో ఎరగకుండా, నల్లిబొక్క నోట్లో పెట్టుకుని లోపలి మూలుగ కోసం గట్టిగా పీల్చాడు. ఆ చప్పుడు ఫ్రాన్స్‌లో బల్ల చుట్టూ అందరికీ వినిపించింది.

"అది మాంసం కదా!" అన్నాడు తాత. చెవులు సరిగా వినపడవు గాని ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి.

మదాం చిరునవ్వు ఉన్నచోటే ఉండిపోయింది. మా కుటుంబంలో నేనొక్కదాన్నే పుణ్యాత్మురాలినని చెప్పి ఇంకా బయటపడవచ్చని నాకు తోచింది. ఆ మాటకు సరిపడే ఫ్రెంచి వెతుక్కుంటుండగా అవ్వ మళ్ళీ తెర మీదికి వచ్చింది. ఈసారి కళ్ళు చిన్నవి చేసుకుని బల్లను పరీక్షగా చూస్తోంది.

"ఏమే, అందరి ముందల కోడి ఉన్నది. నీ పళ్ళెంల గదేంది?"

"పప్పవ్వా."

"అందరికి కోడి పెట్టి నీకు పప్పా?" అవ్వ గొంతు మారింది. "వేరే పళ్ళెంల?"

మా అవ్వ పుట్టింది మంథని దగ్గర పల్లెలో. చిన్నప్పుడు వాళ్ళమ్మ వెంట పెద్ద రైతుల ఇళ్ళకు నాట్లకు పోయేది. పండుగ నాడు ఆ ఇళ్ళల్లో వీళ్ళకు వాకిట్లో వరస వేసి, వేరే విస్తర్లలో వడ్డించేవారట. లోపల మాంసం వండిన నాడు కూడా వాకిట్లోకి పప్పే వచ్చేది. అవ్వ ఈ సంగతి మాకు ఒకటి రెండుసార్లకంటే ఎక్కువ చెప్పలేదు.

"గట్ల వేరే పెట్టి తినపెట్టుటానికా నిన్ను పిలుచుకున్నది?" అంది. "గా దొరసానికి చెప్పు. నా బిడ్డ వాకిట్ల కూసునేది కాదని చెప్పు. నువ్వు లే. బువ్వ ముందటి నుంచి లే."

మదాం ఇంకా చేతులు జోడించే ఉంది. "ఆశీర్వదిస్తోందా?" అంది చిన్నగా.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ముందు అవ్వకు చెప్పాను. వాళ్ళ తప్పేం లేదు, మొదటి రోజు పచ్చి మాంసం పెడితే వద్దన్నాను, నేను మాంసమే తిననని ఆమె అనుకుంది, పాపం నా కోసం ఇంటిల్లిపాదీ పప్పు తింటున్నారు అని. తర్వాత మదాం వైపు తిరిగాను. నాకు వచ్చిన ఫ్రెంచి అంతా పెట్టి అదే చెప్పాను. అవ్వకు ఎందుకు కోపం వచ్చిందో కూడా చెప్పాను. మా దగ్గర కొందరిని ఇంటి బయట కూర్చోబెట్టి వేరే కూడు పెట్టేవారని, మీరు నన్ను అలా కూర్చోబెట్టారని ఆమె అనుకుంటోందని.

మదాం మొహంలో రక్తం లేదు. అక్క ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నా ముందున్న పళ్ళెం తీసి పక్కన పెట్టింది. తన పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. పెద్ద పళ్ళెంలోంచి కోడి తొడ ముక్క తీసి అందులో వేసింది. ఆ పళ్ళెం ఎత్తి ఫోన్‌కు దగ్గరగా పట్టుకుని చూపించింది.

అవ్వ ఆ ముక్కను ఇటునుంచీ అటునుంచీ చూసింది.

"ఇంకొకటి ఎయ్యమను," అంది.

తాత తన పళ్ళెంలోది తీసి వేశాడు. నేను తర్జుమా చేయకముందే.

మదాం వంటింట్లోకి పోయింది. నేను వెనకే పోయాను. ఆమె సింకు దగ్గర నిలబడి కిటికీలోంచి వానను చూస్తోంది.

"సెప్టెంబరు నుంచి," అంది. "సెప్టెంబరు నుంచి పప్పు. ఎందుకు చెప్పలేదు?"

"మీరు చాలా సంతోషంగా ఉన్నారు."

"నేనా?" ఆమె నా వైపు తిరిగింది. "పప్పంటే నాకు చిన్నప్పటి నుంచీ అసహ్యం. మా అమ్మ బలవంతంగా తినిపించేది. నీ మొహం చూసి మింగాను రోజూ."

ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది. తలుపు దగ్గర సారు నిలబడి ఉన్నాడు. నిజం చెప్పుకునే రోజు వచ్చిందని ఆయనకూ అనిపించినట్టుంది. "గ్యారేజీలో..." అని మొదలుపెట్టాడు.

"తెలుసు," అంది మదాం కళ్ళు తుడుచుకుంటూ. "ఆ సాసేజి కొని పెయింటు డబ్బాల వెనక పెట్టేది ఎవరనుకున్నారు?"

సారు ఆలోచించాడు. పాపం, ఇన్నాళ్ళూ తాత కొంటున్నాడనుకున్నాడట. తాతేమో కొడుకు కొంటున్నాడనుకున్నాడు.

మేము బల్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి తెర మీద అవ్వ లేదు, బాపు ఉన్నాడు. తాత కుర్చీ ఫోన్ దగ్గరికి లాక్కుని, చొక్కా చేయి మడిచి, మోచేతి కింద ఉన్న నీలపు మచ్చ చూపిస్తున్నాడు. బావిలో తగిలిన గాయంలోకి బొగ్గుపొడి చేరితే, మానాక అది పచ్చబొట్టులా నీలంగా మిగిలిపోతుంది. బాపు తన నుదుటి మీది మచ్చ చూపించాడు. తాత వీపు మీద కూడా ఉందని చొక్కా విప్పబోతే మదాం అక్క వద్దని పట్టుకుంది. ఈయన ఫ్రెంచిలో, ఆయన తెలుగులో, ఇద్దరూ ఆగకుండా మాట్లాడుతున్నారు. తాత చేతులు ఎత్తి, నేల వైపు దించి, ఇంకా దించి, తన బావి ఎంత లోతో చూపించాడు. ఎంత లోతో వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పాడు.

"ఇగో, జర గీయనకు చెప్పు," అన్నాడు బాపు నన్ను చూసి. "గంత లోతు ఏ బాయీ ఉండదు. ముసలాయన కోతలు కోస్తుండు."

"ఏమంటున్నాడు?" అన్నాడు తాత.

"మీరు చాలా ధైర్యవంతులంటున్నాడు," అన్నాను.

తాత దగ్గాడు. అది చాలాసేపు సాగే దగ్గు, వాళ్ళింట్లో అలవాటైపోయి ఎవరూ పట్టించుకోరు. బాపు మాత్రం మాట ఆపి, అది పూర్తయ్యేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"ఎన్నేండ్లయింది దిగిపోయి?" అని నన్ను అడిగాడు తర్వాత.

"ముప్పై దాటింది."

"గయినా గా దగ్గు పోలేదు ఇంక," అన్నాడు. ఆ మాట తాతకు చెప్పమనలేదు. నేనూ చెప్పలేదు.

కొత్త సంవత్సరం విందుకు వంటిల్లు నాకు అప్పగించారు. దానికి రెండు రోజుల ముందు సారు నన్ను కారులో రైల్వే స్టేషను వెనక మొరాకో వాళ్ళ మాంసం దుకాణానికి తీసుకుపోయాడు. గ్యారేజీలో కాకుండా వెలుతురులో మాంసం కొంటున్న ఆనందంతో కావలసినదానికి రెట్టింపు కొన్నాడు. నేను తెచ్చుకున్న కారప్పొడి సూట్‌కేసులో అడుగున ఉండిపోయింది, అది తీశాను. అవ్వ ఫోన్లో నిలబడి నడిపించింది.

"నూనె ఇంకింత పొయ్యి. భయపడకు, వాళ్ళ నూనె."

"చాలవ్వా, తినలేరు."

"తినలేరని నువ్వే అనుకుంటవా? ఎయ్యి కారం."

మదాం అక్క మళ్ళీ వచ్చింది. మొదటి ముద్దకు ఆమె మొహం ఎర్రబడింది. రెండో ముద్దకు కళ్ళ నీళ్ళు కారాయి. నీళ్ళు తాగింది, రొట్టె తింది, చివరికి లేచి వానలో పెరట్లోకి పోయి నిలబడింది. తిరిగొచ్చి చాలా గంభీరంగా, "ఇందులో ఏదో ఆధ్యాత్మికత ఉంది," అంది. తాతకు రెండోసారి వడ్డించాల్సి వచ్చింది, మూడోసారి కూడా. నల్లిబొక్క ఎలా పీల్చాలో బాపు దగ్గర చూసి నేర్చుకున్నాడు. చప్పుడు సరిగ్గా రావడానికి కొంత సాధన చేశాడు.

ఇంతటితో మదాంకు ఇండియా జ్ఞానం మీద నమ్మకం పోతుందనుకున్నాను. అలాంటిదేం జరగలేదు. విందు మర్నాడు ఆమె మిగిలిన బొక్కల రసం వేడిచేసుకుని తాగింది. ఆ సాయంత్రం మెట్లు ఎక్కుతూ మోకాళ్ళు తేలిగ్గా ఉన్నాయంది. ఆ సంగతి అవ్వకు చెప్పాను. అదే నేను చేసిన పొరపాటు. మేక కాళ్ళు ఎలా కాల్చాలి, ఎంతసేపు ఉడకనివ్వాలి, మిరియాలు ఎప్పుడు వేయాలి, అన్నీ అవ్వ చెప్పింది. గురువారానికల్లా అది యోగా క్లాసుకు పాకింది. ఇండియాలో తరతరాలుగా స్త్రీలు కాపాడుకుంటూ వస్తున్న రహస్యమని మదాం అక్కడ చెప్పింది. సంతలో నా ముక్కుకు మఫ్లరు అడ్డం పెట్టిన మనిషే.

జనవరి చివరలో నన్నూ ఆ క్లాసుకు తీసుకుపోయింది. మున్సిపాలిటీ హాల్లో చాపలు పరిచి ఉన్నాయి. పన్నెండో పదమూడో మంది ఆడవాళ్ళు పద్మాసనంలో కూర్చుని, ఒక్కొక్కరూ కప్పు పట్టుకుని, కళ్ళు మూసుకుని మేక కాళ్ళ రసం తాగుతున్నారు. హాలంతా మా కాలనీలో ఆదివారం పొద్దుటి వాసన. ఒకావిడ కళ్ళు తెరిచి, దీన్ని సూర్యోదయానికి ముందు తాగాలా తర్వాతా అని నన్ను అడిగింది. మా దగ్గర జ్వరం వచ్చినప్పుడు తాగుతామని చెప్పాను. ఆమె అది చాలా లోతైన మాట అన్నట్టు మళ్ళీ కళ్ళు మూసుకుంది.

సెమిస్టరు అయిపోయి నేను మందమర్రి తిరిగొచ్చాను. స్టేషనులో దిగగానే ఫ్రాన్స్ ఎట్లుంది అని ఎవరూ అడగలేదు. వాళ్ళకు అప్పటికే తెలుసు. తెల్లవాళ్ళకు ఫోన్లోనే బువ్వ ఎట్ల పెట్టాలో నేర్పిన కథ అవ్వ కాలనీ అంతా చెప్పేసింది. ఆ కథలో మదాం ఏడ్చింది, కాళ్ళ మీద పడ్డది కూడా. నేను సరిదిద్దబోతే పక్క క్వార్టరు వదిన, "నువ్వు అప్పుడు కోడి తినుట్ల ఉంటివి, నీకేం కనిపిస్తది?" అంది.

వచ్చిన ఆదివారం పొద్దున నేను ఇంకా పడుకునే ఉన్నాను. వంటింట్లో అవ్వ మాట్లాడుతోంది, మధ్య మధ్యలో ఇంకో గొంతు ఫ్రెంచిలో. లేచి వెళ్ళి చూశాను. ఫోన్ పప్పు డబ్బాకు ఆనించి ఉంది. తెర మీద మదాం వంటిల్లు, ఆమె పొయ్యి, పెద్ద గిన్నె. అక్కడ ఇంకా తెల్లారినట్టు లేదు, కిటికీ నల్లగా ఉంది. బల్ల దగ్గర దుప్పటి కప్పుకుని తాత కూర్చున్నాడు, కప్పు కోసం. అవ్వ తన గిన్నెలో గరిటె తిప్పుతూ ఆమె గిన్నె వైపు చూసి అదిలించింది.

"ఏందది, గంత మంటనా? మాడుతది! తగ్గియ్!"

నేను తర్జుమా చేయడానికి నోరు తెరిచాను. మదాం అప్పటికే వంగి మంట తగ్గించేసింది.